మంచు మైదానంలో ప్రతిభ, పరిశ్రమ

హాకీ అనగానే మనవారికి ముందుగా స్ఫురించే పేరు ధ్యాన్‌చంద్. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లోను, 1932లో లాస్ ఏంజలీస్‌లోను, 1936లో బెర్లిన్‌లోను భారతదేశానికి ఒలింపిక్ స్వర్ణపతకం తెచ్చిన జట్లలో ఆయన ముఖ్యుడు. ఆయనను గూర్చి రెండు కథలు ప్రచారంలో ఉన్నవి. ఆయన కర్రలో అయస్కాంతమేదో దాగి ఉన్నదని విదేశీయులు శంకించినారట. ఇది మొదటి కథ. సైన్యంలో పగటి కొలువు ముగించుకొని రాత్రివేళ వెన్నెలలో సాధన చేసేవాడనీ, అందుచేతనే తోటివారు ఆయన పేరుకు చంద్ అని చేర్చినారనీ రెండవ కథ. ఒకటి పుట్టుకతో వచ్చిన వింతశక్తిని చెబుతుంది. మరొకటి చెమటను చెబుతుంది. వినేవారు రెండింటినీ నమ్ముతారు. ఈ రెండింటికీ పొత్తు కుదురునా అన్న సందేహం ఎవ్వరికీ రాదు.

ఆ సందేహాన్ని గట్టిగా పట్టుకొని, తేల్చుకొనడానికే అన్నట్లుగా, రెండు దేశాలు 1972లో ఎనిమిది ఆటలు ఆడినవి. అయితే అది మనం ఎరిగిన పచ్చిక హాకీ కాదు, మంచుహాకీ.

ఈ ఆట తీరు కొంచెం చెప్పవలసి ఉన్నది. సుమారు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల గడ్డకట్టిన మంచు మైదానం. చుట్టూ నడుమెత్తు చెక్కగోడ. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల; మూడు అంగుళాల అడ్డుకొలత, ఒక అంగుళం మందం. కాళ్లకు ఉక్కు పలక బిగించిన స్కేటులు. గోలు కాచేవానితో కలిసి పక్షానికి ఆరుగురు. ఆట మూడు భాగాలు, మొత్తం 60 నిమిషాలు. వేగం అంతటిది కాబట్టి ఏ ఆటగాడూ ఒక్క ఊపులో నిమిషానికి మించి మైదానంలో నిలువలేడు. బల్లపై కాచుకొని ఉన్నవాడు దూకుతాడు, అలసినవాడు వచ్చి కూర్చుంటాడు. కాళ్లు ఒక పని, చేతులు ఒక పని, కన్ను మరొక పని చేయవలెను. ఇంతటి ఆటను పుట్టుకతో రావలసినదేనని జనం అనుకొనడంలో ఆశ్చర్యం లేదు.

అట్లు అనుకొన్నవారిలో కెనడావారు మొదటివారు. 1875 మార్చి 3న మాంట్రియల్ నగరంలో, విక్టోరియా స్కేటింగ్ రింక్ అనే కప్పు వేసిన మైదానంలో పక్షానికి తొమ్మిదిమందితో ఆడిన ఆటనుండి ఈ క్రీడ క్రమమైన చరిత్రను లెక్కిస్తారు. 1917లో వృత్తి ఆటగాళ్ల కూటమి అయిన నేషనల్ హాకీ లీగ్ ఏర్పడినది. శీతకాలంలో చెరువులూ నదులూ గడ్డకట్టే దేశం. నడక వచ్చిన మరునాడే పిల్లవానికి స్కేటులు కట్టే దేశం. 1920నుండి 1952వరకు జరిగిన ఏడు ఒలింపిక్ హాకీ పోటీలలో ఆరింటిని కెనడా గెలిచినది. అదీ వృత్తి ఆటగాళ్లతో కాదు. ఊరి క్లబ్బుల ఔత్సాహిక జట్లను పంపి గెలిచినది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. కెనడావారు దానిని ఒక జాతికంతటికీ వర్తింపజేసుకొన్నారు.

ఆ దేశంలోనే ఈ నమ్మకాన్ని ప్రశ్నించినవాడు ఒకడున్నాడు. అతడు లాయిడ్ పెర్సివల్. 1944నుండి కెనడా రేడియోలో క్రీడా కళాశాల అనే కార్యక్రమం నడిపినవాడు కాబట్టి, రేడియో పెట్టె ఉన్న ఇళ్లవారు ఆయనను గూర్చి తెలుసుకొనడం న్యాయం. ఆటగాడు ఏమి తినవలెను, ఎట్లు ఊపిరి తీయవలెను, ఏ కండరాన్ని ఎట్లు పెంచవలెను అని గాలిలో పాఠాలు చెప్పినాడు. 1951లో హాకీ శిక్షణను గూర్చి ఒక గ్రంథం ప్రకటించినాడు. స్కేటింగును, బిళ్ల కొట్టడాన్ని, అందించడాన్ని అంశాలుగా విడదీసి, కొలిచి, అభ్యాసం చేయవలెనని ఆయన వాదం. వృత్తి జట్ల పెద్దలు దానిని ఎగతాళి చేసినారు. పుట్టినప్పుడే వచ్చిన విద్యకు పుస్తకమెందుకని వారి భావం. కాని ఆ గ్రంథం మాస్కో చేరినది. అక్కడ దానిని బడిపిల్లవాడు పాఠ్యపుస్తకాన్ని చదివినట్లు చదివినవాడు ఒకడు దొరికినాడు.

ఆయన అనతోలీ తరసోవ్, 1918లో జన్మించినవాడు. రష్యాలో అంతకు పూర్వం మంచుమీద ఆడిన ఆట వేరు. దానికి బంతి, పక్షానికి పదకొండుగురు, కాల్బంతి మైదానమంత విశాలమైన చోటు. కెనడా పద్ధతి హాకీలో సోవియట్ దేశపు మొదటి జాతీయ పోటీ 1946 డిసెంబరు 22న ఆరంభమైనది. అప్పుడు వారికి పెద్ద కృత్రిమ మంచు మైదానం లేదు. చలికాలం వచ్చి ఆరుబయట నీరు గడ్డకట్టవలెను. వసంతం రాగానే ఆట కట్టు. కెనడాలో మంచు సమృద్ధి, పాఠం తక్కువ. మాస్కోలో పాఠం సమృద్ధి, మంచు తక్కువ. మంచు లేని నెలలలో తరసోవ్ తన ఆటగాళ్లచేత బరువులు ఎత్తించినాడు, కొండలు ఎక్కించినాడు, కాల్బంతి ఆడించినాడు, మల్లయుద్ధం చేయించినాడు, దొమ్మరి మొగ్గలు వేయించినాడు. నేలమీద చేసే ఈ కసరత్తు నేడు లోకంలోని ప్రతి జట్టుకూ నిత్యకృత్యం. అది పుట్టినది సిద్ధాంతం వలన కాదు, లేమి వలన అని నా అభిప్రాయం.

ఫలితం త్వరలోనే కనబడినది. 1954లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచపోటీకి సోవియట్ జట్టు తొలిసారిగా వచ్చి, కెనడాను 7-2 తేడాతో ఓడించి విజేత అయినది. 1956లో ఒలింపిక్ స్వర్ణం. తరువాత తరసోవ్, ఆయన సహచరుడు అర్కాదీ చెర్నిషోవ్ కలిసి జట్టును నడిపిన కాలంలో, 1963నుండి 1971వరకు తొమ్మిది సంవత్సరాలు వరుసగా ప్రపంచ విజేతలు వారే. కెనడావారు మాత్రం కలత చెందలేదు. మావారిలో ఉత్తములు వృత్తి లీగులో ఉన్నారు, వారు ఇంకా దిగలేదు కదా అన్నారు. అందులో నిజమూ లేకపోలేదు.

1972 సెప్టెంబరులో వారు దిగినారు. నాలుగు ఆటలు కెనడా నగరాలలో, నాలుగు మాస్కోలో. ఎనిమిదింటికి ఎనిమిదీ మావేనని కెనడా పత్రికలలో పలువురు వ్రాసినారు. డిక్ బెడోస్ అనే టొరాంటో పత్రికా రచయిత, సోవియట్లు ఒక్క ఆట గెలిచినా తన వ్యాసాన్ని ముక్కలు చేసి వారి బీట్‌రూట్ చారులో కలుపుకొని తింటానని పంతం వేసినాడు. సోవియట్ గోలు కాచే 20 ఏండ్ల వ్లదిస్లావ్ త్రెత్యాక్‌ను ముందుగా చూడడానికి వెళ్లిన కెనడా పరిశీలకులు, అతడు ఎన్నో గోళ్లు వదలిన ఒక్క ఆట చూసి, ఇతనితో భయం లేదని నివేదించినారు. మరునాడు ఆ కుర్రవాని పెండ్లి అన్న సంగతి వారి నివేదికలోకి ఎక్కలేదు. వేసవిలో విశ్రాంతి తీసుకొని, శిక్షణ శిబిరంలో ఒళ్లు దించుకొనడం నాటి వృత్తి ఆటగాళ్ల మామూలు. ఆగస్టు నడుమ మొదలైన శిబిరం తమకు చాలుననుకొన్నారు.

సెప్టెంబరు 2న మాంట్రియల్‌లో మొదటి ఆట. 30 సెకన్లకే ఫిల్ ఎస్పొసీతో ఒక గోలు కొట్టినాడు. ఏడవ నిమిషం నిండకుండా పాల్ హెండర్సన్ రెండవది కొట్టినాడు. అంతటితో దేశమంతా నిశ్చింతగా వెనుకకు వాలి కూర్చొని ఉండును. కాని ఎండకాలమంతా కొండలు ఎక్కిన కాళ్లు నెమ్మదిగా మేల్కొన్నవి. బిళ్ల ఒకరినుండి ఒకరికి చేరుతూ కెనడావారి కంటికి అందకుండా తిరిగినది. వలేరీ ఖర్లామోవ్ అనే పొట్టి ఆటగాడు రెండు గోళ్లు కొట్టినాడు. ఆట ముగిసేసరికి 7-3, గెలిచినది సోవియట్లు. బెడోస్ మాట నిలబెట్టుకొన్నాడు. తన వ్యాసాన్ని చారులో ముంచుకొని తిన్నాడు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే పరిశ్రమ ప్రతిభను ఓడించినదని వ్రాసి సంతకం చేయవచ్చును. కాని చరిత్ర అంత సులువుగా సాగదు. స్వదేశంలో నాలుగు ఆటలలో కెనడా గెలిచినది ఒకటే. వాంకూవర్‌లో తమ ప్రజలే తమను గేలి చేసినారు. మాస్కోలో మొదటి ఆటా పోయినది. అక్కడినుండి మూడు ఆటలు వరుసగా, ప్రతిదీ ఒక్క గోలు తేడాతో, కెనడా గెలిచినది. సెప్టెంబరు 28న కడపటి ఆటలో మూడింట రెండు వంతులు గడిచేసరికి 5-3తో వెనుకబడి ఉండి, 5-5కు తెచ్చి, ఇంక 34 సెకన్లు ఉన్నదనగా హెండర్సన్ ఆరవ గోలు కొట్టినాడు. ఆ చివరి మూడు ఆటలలోను గెలుపు గోలు అతనిదే. అతడు మంచి ఆటగాడే గాని, తన లీగులో అగ్రశ్రేణి అనిపించుకొన్నవాడు కాడు. కెనడా గొప్ప ప్రతిభగా చెప్పుకొనే బాబీ ఆర్ మోకాలి బాధతో ఆ ఎనిమిది ఆటలలో ఒక్కటీ ఆడలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించే విషయం ఇది. పుట్టుకను నమ్మినవారు చివరకు నెగ్గినది మొండి శ్రమతో. శ్రమను నమ్మినవారి జట్టులో లోకం కన్ను పడినది ఖర్లామోవ్ మీద. ఏ కసరత్తూ నేర్పజాలని వంపులు తిరిగే ఆట అతనిది. ఆరవ ఆటలో కెనడా ఆటగాడు బాబీ క్లార్క్ కర్ర ఎత్తి అతని చీలమండపై కొట్టినాడు. ఖర్లామోవ్ ఏడవ ఆట ఆడలేదు. ఎనిమిదవది కుంటుతూ ఆడినాడు. గెలుపును గూర్చి చెప్పేటప్పుడు దీనిని విడిచిపెట్టడం న్యాయం కాదు. ఆ కర్ర ఒకరకంగా అతని ప్రతిభకు కెనడా ఇచ్చిన యోగ్యతాపత్రం.

మన ఆలంకారికులు కవిత్వానికి కారణమేదని ఇట్టి చర్చనే చేసినారు. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడు వేర్వేరు కారణాలు కావనీ, మూడూ కలిసి ఒకే కారణమనీ మమ్మటుని మతం. ప్రతిభ లేకున్నను కృషి చేసినవానిని సరస్వతి ఎంతో కొంత అనుగ్రహించకపోదని దండి ఊరట చెప్పినాడు. అయితే కవికి తాటాకూ గంటమూ చాలును. మంచుహాకీ ఆటగానికి మంచు కావలెను. ఆ మంచు ఎవరికి దక్కినది అన్న ప్రశ్న ఆలంకారికులకు అవసరపడలేదు, మనకు తప్పదు.

కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్ పట్టణంలో టెలిఫోను సంస్థ ఉద్యోగి వాల్టర్ గ్రెట్‌స్కీ తన పెరటిలో తోటకు నీళ్లు చిమ్మే గొట్టంతో నేల తడిపి, రాత్రిచలికి గడ్డకట్టించి, ఇంటి ముంగిటనే మంచు మైదానం చేసినాడు. 1961 జనవరి 26న పుట్టిన ఆయన పెద్ద కుమారుడు వేన్ రెండేండ్లకే దానిమీద నిలబడినాడు. డబ్బాల మధ్యనుండి బిళ్లను తిప్పడం, దూకి అందుకొనడం తండ్రి నేర్పిన పాఠాలు. ఆరేండ్లవాడు పదేండ్లవారి జట్టులో చేరినాడు. చొక్కా మోకాళ్లవరకు జారి కర్రకు అడ్డు తగులుతూ ఉంటే ఒక పక్కన లోపలికి దోపుకొన్నాడు. పెద్దవాడైన తరువాతా ఆ దోపు మానలేదు. పదేండ్ల వయస్సులో ఒక్క ఋతువులో 378 గోళ్లు. 1979నుండి 1999వరకు నేషనల్ హాకీ లీగులో 894 గోళ్లు, గోలుకు తోడ్పడిన అందింపులు 1,963. మొత్తం 2,857 పాయింట్లు. గోళ్ల లెక్కను 2025 ఏప్రిల్ 6న రష్యా ఆటగాడు అలెగ్జాండర్ ఒవెచ్కిన్ దాటినాడు గాని, మొత్తం పాయింట్ల చెంతకు ఎవ్వరూ రాలేదు. గ్రెట్‌స్కీ బలవంతుడు కాడు, మహావేగి కాడు. బిళ్ల ఎక్కడ ఉన్నదో కాక, ఎక్కడికి రానున్నదో ఎరిగినవాడు. బాల్యంలో దూరదర్శనిపై ఆట చూస్తూ, చేతి పెన్సిలును బిళ్లతోపాటు కాగితంపై నడిపి, గీతలు ఎక్కువగా కూడిన చోట్లు గమనించేవాడట. ఆ ఎరుకను ప్రతిభ అందామా, అభ్యాసం అందామా?

పెరటి మంచే సర్వమూ చేసినది అనేవారికి ఒక చిక్కు ఉన్నది. అదే తండ్రి, అదే ఇల్లు. 1972లో పుట్టిన చిన్న తమ్ముడు బ్రెంట్ కూడా అక్కడే పెరిగినాడు. అతడూ ఆ పెద్ద లీగుకు చేరినాడు. ఆడినవి 13 ఆటలు, కొట్టినది ఒక గోలు, మొత్తం 4 పాయింట్లు. అన్నకు 2,857, తమ్మునికి 4. ఈ తేడాను పరిశ్రమ ఖాతాలో వ్రాయడానికి నాకు చేయి రాదు. అట్లని ఆ నాలుగు పాయింట్లు తక్కువవీ కావు. కర్ర పట్టిన కెనడా బాలురలో వేలకొలది మందికి ఆ ఒక్క గోలు కూడ కలగానే మిగిలిపోయినది.

ప్రతిభ, పరిశ్రమ రెండూ ఉండి కూడ తలుపు తెరుచుకొనని వారున్నారు. 1919లో టొరాంటోలో జమైకానుండి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టిన హెర్బ్ కార్నెగీ నల్లజాతివాడు. 1940లలో క్విబెక్ ప్రాంతపు లీగులో అందరికన్న విలువైన ఆటగాడుగా వరుసగా ఎన్నికైనాడు. 1948లో న్యూయార్క్ జట్టు అతనిని పరీక్షకు పిలిచి, తమ క్రింది జట్లలో చోటు చూపినది. జీతం అంతకుముందు తెచ్చుకొంటున్న దానికన్న తక్కువ. అతడు నిరాకరించినాడు. ఆ లీగులో నల్లజాతి ఆటగాడు మొదటిసారి అడుగు పెట్టినది 1958 జనవరి 18న. అతడు విల్లీ ఓరీ. కార్నెగీకి ఆ అవకాశం ఎన్నడూ రాలేదు. 2012లో మరణించిన పదేండ్లకు, 2022లో, టొరాంటోలోని హాకీ కీర్తిమందిరంలో అతని పేరు చేర్చినారు.

కార్నెగీకి అడ్డువచ్చినది కంటికి కనబడే రంగు. కంటికి కనబడని అడ్డు ఒకటి 1980లలో బయటపడినది. ఆల్బర్టా రాష్ట్రంలోని లెత్‌బ్రిడ్జ్ పట్టణంలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు భార్యతో కలిసి యువకుల హాకీ చూడడానికి వెళ్లినాడు. ఆటకు ముందు ఇచ్చిన కార్యక్రమ పత్రికను ఆ ఇల్లాలు ఊరక తిరగవేస్తూ ఉండగా ఆటగాళ్ల పుట్టినతేదీలు ఆమె కంటబడినవి. చూడగా చూడగా జనవరి, ఫిబ్రవరి, మార్చి. కార్యక్రమ పత్రికలను శ్రద్ధగా చదివేవారు లోకానికి ఉపకారం చేయగలరని దీనివలన తెలుస్తున్నది! ఆయన లెక్కలు తీసి 1985లో ప్రకటించినాడు. ఏరి కూర్చిన జట్లలో ఇంచుమించు నూటికి 40 మంది సంవత్సరపు మొదటి మూడు నెలలలో పుట్టినవారు. కడపటి మూడు నెలలవారు పదిమంది.

కారణం గ్రహబలం కాదు. కెనడాలో పిల్లల జట్లను జనవరి 1నుండి డిసెంబరు 31వరకు పుట్టినవారిని ఒక తరగతిగా కట్టి విభజించినారు. ఎనిమిదేండ్ల వయస్సులో జనవరి పిల్లవానికీ డిసెంబరు పిల్లవానికీ ఏడాది తేడా. ఎత్తులో, బలంలో అది పెద్ద తేడా. ఏరేవాడు పెద్దవానిని చూసి ప్రతిభ అన్నాడు. అతనిని మంచి జట్టులో వేసినారు. ఎక్కువ గంటల మంచు ఇచ్చినారు. మంచి గురువును ఇచ్చినారు. అయిదారేండ్లకు అతడు నిజంగానే మేటి అయినాడు. కాలువ నీరు ముందుగా అందిన మడిలో నారు ఏపుగా ఎదిగితే, విత్తనం గొప్పదన్నట్లున్నది ఈ వ్యవహారం. డిసెంబరు పిల్లవాడు ఆట మాని ఇంటికి పోయినాడు. అతడు ఎంత ఆటగాడు కాగలిగి ఉండేవాడో చెప్పడానికి సాక్ష్యం మిగులలేదు. 2013లో వెలువడిన మరొక పరిశోధన ఇంకొక సంగతి తేల్చినది. సంవత్సరం చివర పుట్టియు ఆ వడపోతలో నిలిచి వృత్తి జట్లకు ఎంపికైనవారు, ఎంపిక వరుసలో తమకిచ్చిన స్థానాన్ని మించి రాణించినారు. ఏరినవారు వారిని చివరివరకూ తక్కువగానే తూచినారన్నమాట.

ఈ లెక్కలేవీ లేని కాలంలో, మాస్కోలో ఒక పిల్లవాడు ఈ వడపోతను అబద్ధంతో దాటినాడు. ఖర్లామోవ్ 1948 జనవరి 14న పుట్టినవాడు. తల్లి స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో రష్యాకు శరణార్థిగా వచ్చిన బాస్కు బాలిక. పదమూడవ ఏట గొంతునొప్పితో మొదలైన జబ్బు గుండెకు సోకినది. పరుగు వద్దు, ఆట వద్దు, బరువు ఎత్తవద్దు అని వైద్యులు శాసించినారు. ఏడాది గడిచిన పిమ్మట, 1962 వేసవిలో, తండ్రి తల్లికి చెప్పకుండా అతనిని సైనిక క్లబ్బు మంచు మైదానానికి తీసుకొనిపోయినాడు. అక్కడ ఆనాడు 1949లో పుట్టినవారినే చేర్చుకొంటున్నారు. కుర్రవాడు పొట్టి, ఒక ఏడాది తగ్గించి చెప్పినా ఎవ్వరికీ అనుమానం రాలేదు. పెద్దవాడుగా కనబడడం కెనడాలో వరమైతే, చిన్నవాడుగా కనబడడం ఇతనికి వరమైనది. అసలు వయస్సు బయటపడేనాటికి గురువులు అతనిని వదులుకొనలేని స్థితికి వచ్చినారు.

తరసోవ్‌కు మొదట ఇతనిపై గురి కుదరలేదు. 173 సెంటీమీటర్ల మనిషి కెనడావారి భుజబలానికి ఏమి ఆగునని 1967లో ఉరల్ పర్వత ప్రాంతంలోని చెబర్కుల్ అనే చిన్న సైనిక పట్టణపు జట్టుకు పంపినాడు. ఒకరకంగా అది ప్రవాసం. అక్కడ ఖర్లామోవ్ 40 ఆటలలో 34 గోళ్లు కొట్టినాడు. మరుసటి వసంతంలో మాస్కోకు పిలిపించి, తరసోవ్ తన కఠోర శిక్షణలో పెట్టినాడు. 1969లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ విజేతల జట్టులో ఆ 21 ఏండ్ల కుర్రవాడు ఉన్నాడు. తండ్రి మొండితనం, ఒక ఏడాది అబద్ధం, చెబర్కుల్ చలి, తరసోవ్ బరువులు, వైద్యులు భయపడిన గుండె. వీటిలో దేనిని తీసివేసినా 1972 సెప్టెంబరు 2న మాంట్రియల్ మంచుమీద ఆ పొట్టి మనిషి ఉండడు. అయితే ఆ దారినే నడిచిన సైనిక క్లబ్బు కుర్రవారు ఇంకా ఎందరో ఉండగా, కెనడా వెనుకవరుసను కంటిచూపుతో ఒకవైపుకు పంపి, తాను మరొకవైపునుండి దూసుకుపోయినవాడు అతడొక్కడే.

1981 ఆగస్టు 27న మాస్కో సమీపంలో కారు ప్రమాదంలో ఖర్లామోవ్, అతని భార్య మరణించినారు. అతనికి 33 ఏండ్లు. తరసోవ్‌ను కెనడావారు 1974లోనే తమ కీర్తిమందిరంలోకి చేర్చుకొన్నారు. వారి లీగులో ఒక్క ఋతువైనా ఆడని శిష్యుని పేరు 2005లో ఆ గురువు పేరు చెంతకు చేరినది.